పొద్దున పూట మాత్రమే వచ్చే శబ్దం

నిన్ననే పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. మాది కావలి. కారు 2014లో కొన్న పెట్రోలు బండి. పదిహేను రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద గరగరమని ఒకటే శబ్దం. యాక్సిలరేటర్ తొక్కితే అదీ పెరుగుతుంది. అయిదారు కిలోమీటర్లు వెళ్లేసరికి మాయం.

ఆయిల్ చూశాను, సరిగ్గానే ఉంది. పక్కింటాయన పెట్రోలు కల్తీ అన్నాడు. బంకు మార్చాను, శబ్దం మారలేదు.

ఇక నెల్లూరులో కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. నా పరువు పోయింది అక్కడే. హైవే మీద 50 కిలోమీటర్లు నడిచిన ఇంజను పెనంలా కాగి ఉంది, శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది? ఇస్త్రీ చొక్కా కుర్రవాడు బానెట్ ఎత్తి, "ఏదీ సార్, ఎక్కడ?" అన్నాడు. స్టార్ట్ చేశాను. ఏమీ లేదు. ఆపించి మళ్లీ స్టార్ట్ చేయించాడు. మరో ఇద్దరిని పిలిచాడు. వాళ్ల ముఖాలు చూడలేక చివరికి నేనే నోటితో "గర్ర్‌ర్" అని చేసి చూపించాను. బిల్లు కట్టడానికి నిలబడినవాళ్లు నవ్వారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని! కుర్రవాడు కాగితం మీద "శబ్దం ఏమీ లేదు" అని రాసుకున్నాడు. అదే కాగితం కింద ఇంజను లోపలి ట్యాపెట్లకు, టైమింగ్ చైనుకు కలిపి 23 వేలు అంచనా వేశాడు. లేని శబ్దానికి 23 వేలు ఏ సూత్రం ప్రకారమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కంప్యూటర్ తగిలిస్తే ఏ తప్పూ చూపించలేదట. ఏ బేరింగో అరిగితే దానికెలా తెలుస్తుంది, అక్కడ సెన్సరే లేనప్పుడు? మా నాయన అరుగు మీద పడుకునే, వీధిలో పోయే ఎడ్లబండి ఇరుసు చప్పుడు విని ఏ చక్రానికి కందెన తక్కువైందో చెప్పేవాడు.

తిరిగి వచ్చి మా ఊరి మెకానిక్‌కు చెప్పాను. మూడే ప్రశ్నలు అడిగాడు. ఏ వేళ వస్తుంది? ఏసీ వేస్తే మారుతుందా? క్లచ్ తొక్కితే ఆగుతుందా? తొక్కినప్పుడు ఆగితే గేర్‌బాక్సు బేరింగును అనుమానించాలట. నాది ఆగదు. "రాత్రంతా బండి కదపకండి మాస్టారూ, పొద్దున నేనే వస్తాను" అన్నాడు.

ఆరింటికి వచ్చాడు. స్టార్ట్ చేయగానే గరగర. నాకు ప్రాణం లేచి వచ్చింది! ఇంజను పక్కన తిరిగే రబ్బరు బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించాడు. అరుపు బెల్టుదైతే తడికి మారేది, ఇది మారలేదు. తరువాత పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు నొక్కి పెట్టుకున్నాడు. నన్నూ వినమన్నాడు, నా తువ్వాలు తీయించి మరీ. తిరిగే బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ఉండకూడదు. ఆల్టర్నేటర్ సన్నగా గుంయ్‌మంటోంది. బెల్టును బిగువుగా పట్టి ఉంచే చిన్న పుల్లీ నడిమి బోల్టుకు ఆనిస్తే, తిరగలిలో ఇసుక పోసి విసిరినట్టు! బెల్టు తీసి అర నిమిషం నడిపాడు. శబ్దం లేదు. ఎక్కువసేపు అలా నడపకూడదు, చాలా బండ్లకు వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. పుల్లీ విప్పి చేతిలో పెట్టాడు. తిప్పితే వేళ్లకు గరుకు తెలిసిపోతోంది. లోపలి బేరింగులో గ్రీజు ఎండిపోయిందట. అందుకే చల్లగా ఉన్నప్పుడు అంత గోల.

పుల్లీ 850, కూలి 300. నేను మరో 200 చేతిలో పెట్టాను.

మీకూ ఇలాంటిది వస్తే పొద్దున్నే ఫోనులో రికార్డు చేసుకోండి, బండిని ముందురోజే షెడ్డులో వదిలిరండి. లోపలి నుంచి దభీ దభీమని మోతతో ఎర్రటి ఆయిల్ దీపం కూడా వెలిగితే మాత్రం వినడాలూ రికార్డులూ వద్దు, ఇంజను వెంటనే ఆపేయండి.

పాత పుల్లీ టీవీ పక్కనే పెట్టుకున్నాను. కంపెనీ సర్వీసే మేలని వాదించే మా బావమరిది ఆదివారం వస్తున్నాడు. చేతిలో పెట్టి తిప్పమంటాను.