మాంగెరేలో చేమ నాట్లు

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నడిబొడ్డు నుంచి మాంగెరే వెళ్లాలంటే ఓటాహూహూ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. జోన్లు దాటిన కొద్దీ కార్డులోంచి డాలర్లు కరిగిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. అక్టోబరును ఇక్కడ వసంతం అంటారు గానీ బస్టాపులో గాలి ఎముకలు కొరికేస్తోంది. ఆ చిరాకుతోనే గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.

అది ఆఓంగా అమాతా, పసిఫిక్ ద్వీపదేశమైన సమోవా భాషలో నడిచే శిశువిద్యా కేంద్రం. మన అంగన్‌వాడీ ఈడు పిల్లలు. 1980లలో సమోవా తల్లులూ చర్చి సంఘాలూ ఇలాంటివి మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రభుత్వ లైసెన్సుతో, 2017లో సవరించిన టే ఫారికి పాఠ్యప్రణాళిక ప్రకారం నడుస్తున్నాయి. పర్యావరణం ఇంత చిన్నపిల్లలకు ఎలా నేర్పుతారో చూడాలని వెళ్లాను. మన దగ్గర జూన్ 5 పర్యావరణ దినం వస్తే థర్మోకోల్ షీటుకు పచ్చరంగు పూసి చెట్టు అనిపించే బడులున్నాయి. సాయంత్రానికి ఆ చెట్టు చెత్తబుట్టలో ఉంటుంది. నాకు అది తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఇక్కడ గోడమీద నినాదం ఒక్కటీ లేదు. వెనక పెరట్లో తాలో నాట్లు వేస్తున్నారు. తాలో అంటే మన చేమదుంపే.

నాటే ముక్కను తియాపులా అంటారు. తవ్విన దుంపకు పైభాగం సెంటీమీటరు మందాన ఉంచి, దానిమీద ముప్పై సెంటీమీటర్ల కాడ వదిలి, ఆకులు కోసేస్తారు. కోత ఆరేదాకా ఒకరోజు నీడన పెడతారు. పచ్చిగా నాటితే చల్లటి నేలలో కుళ్లిపోతుంది. గొయ్యి తీయడానికి ఓసో అనే చెక్కిన కర్ర. పెద్దవాళ్లది నిలువెత్తు ఉంటుంది, పిల్లలకు చీపురు కర్రను పొట్టిగా కోసి మొన చెక్కారు. గొయ్యి జానెడు లోతు, మొక్కకూ మొక్కకూ అరవై సెంటీమీటర్ల ఎడం. మట్టి అంచుదాకా నింపరు, పడిన వాన అక్కడే నిలవాలి. ఒక పిల్ల గొయ్యి పొడుస్తుంది, ఇంకొకడు ముక్క దించుతాడు, మూడోవాడు మడమతో మట్టి అదుముతాడు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న పెద్దావిడ మొదటినుంచి చివరిదాకా సమోవా భాషలోనే చెబుతోంది: లోతు చాలదు, కాడ నిలువుగా పెట్టు, ఇప్పుడు తొక్కు. పాఠమంతా అంతే. ఆ మాటలు ఇంకెక్కడా కాకుండా చేతిలో కర్ర ఉండగా వినడమే దీని బలం అనిపించింది.

ఒకే రకం నాటరు. దానికి కారణం ఉంది. 1993లో సమోవాలో తాలోకు ఆకుమాడు తెగులు వచ్చింది, ఫైటోఫ్తోరా కొలకాసియే అనే శిలీంధ్రంలాంటి జీవి వల్ల. ఎగుమతికి మంచిదని ఎక్కువమంది ఒకే రకం వేశారు, ఆ రకానికి తట్టుకునే శక్తి లేదు. ఎగుమతులు దాదాపు ఆగిపోయాయి. తర్వాత తట్టుకునే రకాలను సంకరం చేసి తెచ్చారు. నాలుగేళ్ల పిల్లలకు ఈ కథంతా చెప్పరు. ఎర్రకాడ ఒక వరస, పచ్చకాడ ఒక వరస వేయించి, ఏ ఆకుకు మచ్చ వచ్చిందో వారంవారం చూపిస్తారు.

ఆక్లండ్ పెరళ్లలో చేమను పోలిన కలుపుమొక్క ఒకటి పెరుగుతుంది, తినకూడనిది. తేడా కాడ దగ్గర తెలుస్తుంది. తాలోకు కాడ ఆకు అంచుకు లోపలగా అతుక్కుంటుంది, కలుపుదానికి చీలిక దగ్గరే. ఎవరైనా తల్లిదండ్రులు మొక్క తెచ్చిస్తే ముందు ఇది చూశాకే నాటుతారు.

ఇక్కడి చలికి దుంప పెద్దగా ఊరదు. పైగా ఐదో పుట్టినరోజు రాగానే పిల్లలు పెద్దబడికి వెళ్లిపోతారు, నాటినవాడు దుంప తవ్వేదాకా ఉండకపోవచ్చు. అందుకే లెక్కంతా ఆకుమీదే. రెండు మూడు నెలలకే లేత ఆకులు వస్తాయి, వాటిలో కొబ్బరిపాలు పోసి మూటగట్టి పాలుసామి వండుతారు. చేమాకు గొంతు గీరుతుందని మనకు తెలియనిదా? మనం చింతపండు పులుసు పోస్తాం. వీళ్లు మెత్తబడేదాకా చాలాసేపు ఉడికిస్తారు. సగం ఉడికితే కాల్షియం ఆక్సలేట్ సూదులు నాలుకను పొడుస్తాయి, కాబట్టి పిల్లలకు వడ్డించేముందు పెద్దవాళ్లు రుచిచూస్తారు.

కొన్న కంపోస్టు సంచీ మాత్రం పిల్లల ముందు విప్పరు. అందులో లెజియొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు, దుమ్ములో పీలిస్తే న్యుమోనియా వస్తుంది. టీచరు మాస్కు, గ్లవుజులు వేసుకుని, ఆరుబయట, మొహానికి దూరంగా కోసి, నీళ్లు చల్లి తడిపాకే పిల్లల్ని పిలుస్తుంది. మన అంగన్‌వాడీల పెరటితోటల్లో, అదే పోషణ వాటికల్లో, ఈ జాగ్రత్త నేను చూడలేదు, వెంటనే నేర్చుకోవలసింది.

వానపాముల పెట్టె అరటితొక్కలు, పండ్ల ముక్కలు తింటుంది. నిమ్మజాతి, ఉల్లి, మాంసం వద్దు. తాలో తొక్కను పచ్చిగా వేస్తే మెల్లగా కుళ్లుతుంది, సన్నగా తరిగి వేస్తారు. పైన పాత నూలు లవలవా, అంటే నడుముకు చుట్టుకునే గుడ్డ, తడిపి కప్పుతారు. వాసన వచ్చిందంటే తిండి ఎక్కువైనట్టు. మేపడం ఆపి, చింపిన అట్టముక్కలు కలుపుతారు. వానపాములు మూతకు ఎగబాకితే పులుపెక్కినట్టు, చిటికెడు సున్నం చాలు. కిందికి కారిన నీటికి పదింతలు మంచినీళ్లు కలిపి చేమలకు పోస్తారు.

చాపలల్లే మొగలి జాతి ఆకు ఈ చలిదేశంలో పెరగదు, కాబట్టి ఇక్కడి మూలవాసులైన మావోరీల హరకేకే నార మొక్క వాడతారు, వాళ్ల పద్ధతి ప్రకారమే. నడిమి లేత ఆకునూ దాన్ని ఒరుసుకున్న రెండాకులనూ ముట్టకూడదు. వెలుపలి ఆకులనే, మొక్క గుండెకు దూరంగా ఏటవాలుగా కోయాలి. వానలో కోయరు. రెండు సెంటీమీటర్ల పేలికలు చీల్చి, కత్తి వీపుతో గీకి మెత్తబరుస్తారు. అలా చేయక అల్లితే ఆరాక ముడుచుకుని చాపంతా సందులు పడుతుంది. మిగిలిన ముక్కలు మొక్క మొదట్లోనే వేస్తారు. వానపాముల పెట్టెలో పడేస్తే ఆ నార ఓ పట్టాన చివకదు.

నాకు కొరుకుడుపడని సంగతి సెలవులు. క్రిస్మస్‌కు కేంద్రం మూస్తారు, అప్పుడే ఇక్కడ ఎండాకాలం. తాలోకు తడి తప్పకూడదు. మూసేముందు చెమ్మ లోతుకు దిగేలా నీళ్లు పెట్టి, మొదళ్ల చుట్టూ అరచేతి మందాన ఎండుగడ్డి పరుస్తారు. వానపాములకు పచ్చి తొక్కలు వేయకుండా నానబెట్టిన అట్టలు పేర్చి, పెట్టెను గోడనీడకు జరుపుతారు. చర్చికి వచ్చే కుటుంబాలు వంతులవారీగా వచ్చి తడుపుతాయి. ఆ పట్టిక అక్టోబరులోనే తలుపుకు అతికించి ఉంది, సగం గడులు అప్పటికే నిండాయి.