బంతిపూలు మట్టిలో విషాన్ని లాగుతాయి సరే, మొక్కకి ఇచ్చే హార్మోన్ ఏం చేస్తుంది?

పటాన్‌చెరు చుట్టుపక్కల, మూసీ దిగువ ఊళ్లలో పాడైన భూముల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బంతి వేయండి, విషం అదే లాగేస్తుంది అంటారు. బంతికి కాడ్మియం అనే విషపు మెటల్‌ని లాగే గుణం ఉన్నమాట నిజమే, పైగా తినే పంట కాదు కాబట్టి పాలకూరలోకి పోయినట్టు మన కంచంలోకి రాదు. కానీ ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు.

ఒకసారి లెక్క వేసుకుందాం. ఎకరంలో పై అరడుగు మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. కిలో మట్టిలో 1 మిల్లీగ్రాము కాడ్మియం ఎక్కువుంటే మొత్తం తీయాల్సింది 900 గ్రాములు. బంతి మొక్కలు ఎండాక ఎకరానికి 1500 కిలోలు వచ్చి, కిలోకి 20 మిల్లీగ్రాములు పట్టుకున్నాయి అనుకుంటే పంటకి పోయేది 30 గ్రాములే, అంటే 30 పంటలు! ఏడాదికి రెండు వేసినా 15 ఏళ్లు.

హార్మోన్, అంటే మొక్క పెరుగుదలని నడిపే పదార్థం, పనికొచ్చేది ఇక్కడే. కాడ్మియం ఉన్న మట్టిలో మొక్కని పీకి చూస్తే వేరు పొట్టిగా, గోధుమ రంగులో, పిల్లవేర్లు లేకుండా ఉంటుంది, ఆకులు పాలిపోయి ఉంటాయి, అలాంటి మొక్క ఇంక ఏం లాగుతుంది పాపం. ఆక్సిన్ ఇస్తే పక్కవేర్లు పుడతాయి, జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడితే కాండం సాగుతుంది, సైటోకైనిన్ ఆకు తొందరగా పండిపోకుండా ఆపుతుంది. మెటల్‌ని హార్మోన్ లాగదు, మొక్కని నిలబెడుతుంది. అదే 20 మిల్లీగ్రాములు ఉన్నా మొక్క బరువు ఒకటిన్నర రెట్లు అయితే 30 పంటలు కాస్తా 20కి దిగుతాయి. మిర్చి రైతులకి ఇదేం కొత్త కాదు, పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్ ఆక్సినే కదా, అది కూడా 10 పీపీఎం, అంటే లీటరుకి 10 మిల్లీగ్రాములు. డోసు పెంచితే మంచిదనుకోవద్దు, జిబ్బరెల్లిక్ ఎక్కువైతే మొక్క సన్నగా సాగి పడిపోతుంది. సాలిసిలిక్ యాసిడ్ అనే ఇంకో హార్మోన్ మొక్కకి బలమే కానీ చాలాసార్లు కాడ్మియం లోపలికి పోవడాన్నే తగ్గిస్తుంది, మనకి కావాల్సింది దానికి ఉల్టా.

కొందరు హార్మోన్ ఎందుకు, మట్టిలో మెటల్‌ని కరిగించే ఈడీటీఏ అనే కెమికల్ పోస్తే సరి అంటారు. అది మట్టికి అతుక్కున్న సీసాన్ని కూడా కరిగిస్తుంది, ఒప్పుకుంటా. కానీ కరిగిందంతా వేరు తాగదు, మిగిలింది వానకి బోరు నీళ్లలోకి దిగుతుంది, ఈడీటీఏ మట్టిలో తొందరగా విరగదు కూడా. ఇప్పటికే బోర్లు పాడైన ఊళ్లో ఆ పని చేయడం అన్యాయం, నేనైతే ఎవరికీ చెప్పను. నెమ్మదైనా హార్మోనే నయం.

ఇంకోటి, పంట అయ్యాక మొక్కల్ని వేళ్లతో సహా పీకి పొలం నుంచి బయటికి తీసుకుపోవాలి. అక్కడే దున్నేసినా, ఎరువు చేసినా, గొర్రెలకి వేసినా తీసిందంతా మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. ప్రమాదకర వ్యర్థాల కోసం దుండిగల్‌లో కేంద్రం ఉంది, కానీ రైతు ట్రాక్టర్ కిరాయి పెట్టుకుని అంతదూరం ఎలా మోస్తాడు? ఆ ఖర్చు మట్టిని పాడుచేసినవాళ్లే పెట్టుకోవాలి.

బంతి విత్తనం కొనేముందు మట్టి పరీక్ష చేయించండి. సాయిల్ హెల్త్ కార్డులో ఉండే 12 అంశాల్లో నత్రజని, జింకు, పీహెచ్ లాంటివి ఉంటాయి, కాడ్మియం, సీసం ఉండవు, కాబట్టి ల్యాబ్‌లో హెవీ మెటల్స్ అని విడిగా అడగాలి.