రాన్ బరాసీ: ప్రసంగం కాదు, పిడికిలి

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ కోచ్ రాన్ బరాసీ పేరెత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది 1970 గ్రాండ్ ఫైనల్, అంటే ఆ ఏటి విజేతను తేల్చే ఆఖరి మ్యాచ్. బాక్సింగ్ డే టెస్టు జరిగే ఎంసీజీలోనే ఆ మ్యాచ్, జనం 1,21,696 మంది. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 73, బరాసీ కోచ్‌గా ఉన్న కార్ల్‌టన్ 29. గోల్‌కి ఆరు పాయింట్లు, అంటే ఏడు గోల్స్‌కి పైగా వెనకబడ్డారు. విరామంలో ఆయనేం మాట్లాడాడన్న దాని మీద బోలెడు కథలున్నాయి. వాటి సంగతి ఎలా ఉన్నా, చేయించిన పని మాత్రం ఒకటే: బంతి దొరగ్గానే కాలితో తన్నేయొద్దు, హ్యాండ్‌బాల్ చేయండి.

హ్యాండ్‌బాల్ అంటే విసరడం కాదు. ఒక చేతిలో బంతి పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్దాలి. గుద్దకుండా చేత్తో వదిలేస్తే అది త్రో, అవతలివాళ్లకు ఫ్రీ కిక్. ఆ రోజుల్లో ఇరుకున పడ్డప్పుడు తప్పించుకోవడానికే దీన్ని ఎక్కువగా వాడేవాళ్లు. కానీ బంతిని పొడవుగా తన్నితే అది గాల్లో ఉన్నంతసేపూ ప్రత్యర్థులు దాని కింద పోగవుతారు. వాళ్లలో ఒకడు గాల్లోనే పట్టేశాడా, అది మార్క్, బంతి వాళ్లదే. అదే పక్కన పరిగెత్తుకొస్తున్న మనవాడికి గుద్ది అందిస్తే, వాడు వేగం తగ్గకుండా దూసుకుపోతాడు. అందుకునేవాడు నిలబడిపోయి ఉంటే మాత్రం ఇదంతా దండగ, బంతి వెనకాలే ట్యాకిలూ వచ్చి మీద పడుతుంది.

రెండో నిర్ణయం రిజర్వు ఆటగాడు టెడ్ హాప్‌కిన్స్‌ను దింపడం. ఇది పైకి కనిపించినంత తేలిక కాదు. బయటికెళ్లినవాణ్ని మళ్లీ దింపనిచ్చే ఇంటర్‌చేంజ్ వచ్చింది 1978లో. అప్పటిదాకా రిజర్వులు ఇద్దరే, బయటికెళ్లినవాడు తిరిగి రాకూడదు. సగం ఆటకే ఒకణ్ని వాడేస్తే, తర్వాత ఇద్దరికి దెబ్బలు తగిలితే పద్దెనిమిది మంది ఆడాల్సిన చోట పదిహేడు మందితో నెట్టుకురావాలి. హాప్‌కిన్స్ నాలుగు గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ 111, కాలింగ్‌వుడ్ 101.

1968 కప్పు ఇంకా చిత్రం. కార్ల్‌టన్ ఏడు గోల్స్, ఎసెండన్ ఎనిమిది. అయినా గెలిచింది కార్ల్‌టనే, 56-53. గోల్‌కి పక్కనుంచి పోయిన బంతికి ఒక పాయింటు వచ్చే ఆట మరి!

ఆటగాడిగా బరాసీది మెల్‌బోర్న్ క్లబ్. తండ్రి కూడా ఆ క్లబ్బుకే ఆడి, 1941లో లిబియాలోని టోబ్రుక్‌లో యుద్ధంలో చనిపోయాడు. తర్వాత కొన్నేళ్లకు బరాసీ, క్లబ్ కోచ్ నార్మ్ స్మిత్ ఇంట్లోనే ఉన్నాడు. ఆరు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ కప్పులు) గెలిచి, 1964 సీజన్ అవగానే కెప్టెన్-కోచ్‌గా కార్ల్‌టన్‌కు మారిపోయాడు. మెల్‌బోర్న్ అభిమానులకు అది మింగుడుపడలేదు.

1973లో నార్త్ మెల్‌బోర్న్ అనే మరో క్లబ్బుకు కోచ్‌గా వచ్చాడు. అంతకు ముందు సీజన్‌లో ఆ జట్టు గెలిచింది ఒక్క మ్యాచ్. ఒకే క్లబ్బుకు పదేళ్లు ఆడినవాడు తనకు నచ్చిన చోటికి పోవచ్చన్న నిబంధన సరిగ్గా అప్పుడే వచ్చింది. దాంతో డగ్ వేడ్, బారీ డేవిస్, జాన్ రాంటాల్ ముగ్గురూ నార్త్‌లో చేరారు. ఆ నిబంధన ఎంతోకాలం నిలవలేదు. నార్త్ మాత్రం 1975లో తన మొట్టమొదటి కప్పు, 1977లో రెండోది కొట్టింది. ఆ రెండోదానికి ఫైనల్ రెండుసార్లు ఆడాల్సొచ్చింది, మొదటిది 76-76తో టై.

తిరిగి పాత క్లబ్ మెల్‌బోర్న్‌కు కోచ్‌గా వెళ్తే, 1981 నుంచి 85 దాకా కప్పు లేదు. తొలి ఏడాది 22 మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు. కానీ గుండ్రటి బంతితో గేలిక్ ఫుట్‌బాల్ ఆడే ఐర్లండ్ కుర్రాళ్లను తెచ్చి, కోలబంతి నేర్పిద్దామన్న ప్రయత్నం అప్పటిదే. అలా వచ్చిన జిమ్ స్టైన్స్ 1991లో, లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. సిడ్నీ స్వాన్స్‌దీ ఇంచుమించు ఇదే లెక్క. 1993 సీజన్ మధ్యలో, ఓటముల్లో కూరుకుపోయిన జట్టును చేతుల్లోకి తీసుకుని 1995 దాకా ఉన్నాడు. మరుసటి ఏడాదే స్వాన్స్ గ్రాండ్ ఫైనల్ ఆడింది, అప్పటికి కోచ్ రాడ్నీ ఈడ్.