పోచంపల్లిలో ముందు దారం, తర్వాతే చీర

మా అత్తమ్మ చీరను ముందువైపు చూడదు. చేతికివ్వగానే కొంగు తిరగేసి వెనకవైపు చూస్తుంది. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో పోచంపల్లి అనుకుని మురిసిపోయి కొన్న చీరను కూడా అలాగే తిప్పి చూసింది. వెనక రంగు వెలవెలబోతోంది. "నేసింది కాదు బిడ్డా, అచ్చు కొట్టింది" అని మడతపెట్టి ఇచ్చేసింది. ఇంకో మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే కిందటి నెల ఓ శనివారం అత్తమ్మను వెంటబెట్టుకుని భూదాన్ పోచంపల్లికే వెళ్లాను. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లలోపే. విజయవాడ హైవే మీద హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఎడమకు తిరగాలి. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ అరిగేలోపు చేరతాం.

ఊళ్లోకి రాగానే కనిపించేవి చీరల దుకాణాలు. చాలామంది అక్కడే దిగి, రెండు చీరలు కొనుక్కుని, అటే వెనక్కి పోతారు. నా కాళ్లూ అటే లాగాయి. అత్తమ్మ మాత్రం "ముందు నేసేటోళ్ల ఇండ్లు చూద్దాం పా" అంది. పర్యాటక శాఖ వాళ్ల మ్యూజియం ఉంది, దాన్ని పావుగంటలో చుట్టేశాం. అసలు మ్యూజియం సందుల్లో ఉంది. ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఒక గుమ్మం ముందు ఆగి "చూడొచ్చా అమ్మా?" అని అడిగితే, లోపల కండెలు చుడుతున్న ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది.

నేను మగ్గం దగ్గరికి పోబోయాను. ఆవిడ నవ్వి, "అది ఆఖరు పని. ముందు ఇటు రాండ్రి" అని వెనక వసారాలోకి తీసుకెళ్లింది. అక్కడ వాళ్లాయన చట్రానికి బిగించిన దారాల మీద చిటికి కడుతున్నాడు. గ్రాఫ్ కాగితం మీది డిజైన్ చూసుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా సన్నని రబ్బరు పట్టీ బిగిస్తున్నాడు. పాత సైకిల్ ట్యూబులను కోసిన పట్టీలవి. ఆ దారాలను రంగులో ముంచుతారు, ఆరాక కొన్ని ముడులు విప్పి కొత్తవి కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. అంటే చీర మీద కనిపించే ఏనుగూ, చిలుకా నేతకంటే ముందే దారంలో ఉంటాయన్నమాట. ఈ సంగతి పుస్తకాల్లో చదివిందే, అయినా ముడి విప్పగానే కింద తెల్లగా మిగిలిన దారాన్ని చూసినప్పుడే బుర్రకెక్కింది.

అత్తమ్మ రహస్యం కూడా అక్కడే తేలిపోయింది. రంగు దారానికే పట్టింది కాబట్టి బట్టకు రెండువైపులా ఒకేలా ఉంటుంది. ముడి కిందికి రంగు కాస్త పాకుతుంది, నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే బొమ్మ అంచులు నీళ్లలో తడిసినట్టు మసకమసగ్గా ఉంటాయి. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. ఇలా దారానికే ముడులేసి రంగద్దే పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా నాలాంటివాళ్లు అచ్చు చీరలు కొంటూనే ఉన్నాం.

పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా వచ్చే దారాన్ని, చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఊగాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. "పెండ్లయిన కొత్తల రాత్రిళ్లు భుజం పట్టుకుని ఏడ్చేదాన్ని" అంది ఆవిడ. ఇప్పుడు మూలన చిన్న మిషన్ తిరుగుతోంది. ఇదే జిల్లాలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి పడే బాధ చూడలేక 1999లో తయారుచేసిన ఆసు యంత్రం అలాంటిదే. దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంటావిడకు పద్మశ్రీ సంగతికంటే భుజం నొప్పి తగ్గిన సంగతే ముఖ్యం. న్యాయమే.

చివరికి మగ్గం దగ్గరికొచ్చాం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న కుర్రాడు పేక దారాన్ని మోసే నాడె విసిరిన ప్రతిసారీ ఆగి, పేక మీది రంగు నిలువు దారాల పడుగు మీది రంగుతో కలిసిందో లేదో చూసి, వేలితో కొంచెం లాగి సరిచేస్తున్నాడు. మాతో మాట్లాడుతూనే ఉన్నాడు గానీ ఒక్కసారీ తల తిప్పలేదు. ఫోటో తీసుకోనా అని అడిగాను. మగ్గాన్ని తీసుకోమన్నాడు, గోడకు తగిలించిన గ్రాఫ్ కాగితాన్ని మాత్రం వద్దన్నాడు. డిజైన్ బయటికి పోతే వారంలో అచ్చు చీరల మీద కనిపిస్తుందట. ఆ మాట వినగానే అత్తమ్మ నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

ఆ చీర అక్కడే కొనేద్దామనుకున్నాను. కుదరదు, నూలూ పట్టూ ఇచ్చి నేయించే సేటుది అది. కొనాలంటే సహకార సంఘం దుకాణానికో షోరూముకో వెళ్లాలి. ఈసారి దుకాణంలో మొదట కొంగు తిరగేసింది నేనే.

ఊరి పేరు ముందు భూదాన్ ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే వినోబా మందిరానికి వెళ్లాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి నడిచి వచ్చినప్పుడు, భూమిలేని 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఊళ్లో ఇచ్చేవాళ్లున్నారా అని ఆయన అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. మందిరంలో మేమిద్దరమే ఉన్నాం. అత్తమ్మ చెప్పులు విప్పి చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం భువనగిరి కోట ఎక్కాలని నా ప్లాన్. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట, ఒకే రాతి గుట్ట. ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు మాలావత్ పూర్ణ శిక్షణ పొందిందీ ఇక్కడే. కానీ పోచంపల్లిలోనే పొద్దు గూకొచ్చింది, మేం చేరేసరికి కోట మూసే వేళయింది. రోడ్డు పక్కన సోడా తాగుతూ కిందనుంచే చూశాం. అత్తమ్మ మెడ ఎత్తి గుట్టను పైదాకా చూసి, సంచిలోంచి కొత్త చీర తీసి మళ్లీ ఒకసారి వెనకవైపు తిప్పింది.