ముల్లు దిగిందని మురిసిపోయాను

రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా అరచేతులకి మోకు వాసన పోలేదు. పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు.

బండి ఆగింది. అవును, అదే, నాన్న మారుతి ఎనిమిది వందల కారు. గుంటూరు నుంచి వస్తూ నారాకోడూరు దాటాక బానెట్ సందుల్లోంచి పొగ. మా ఆయన ఫోన్లో ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు.

బండి ఆగినందుకు కాదు నా బాధ. అరగంటలో నలుగురు ఆగారు. నలుగురూ మా వాడినే అడిగారు. "ఏం బాబూ, హీటెక్కిందా?" "సర్వీసు చేయించట్లేదా?" "ఇంకా ఈ బండేంటి, అమ్మేయక?" వాడికి పదహారేళ్ళు. బానెట్‌కీ డిక్కీకీ తేడా నిన్నమొన్న తెలిసింది. స్టీరింగు దగ్గర్నుంచి దిగింది నేను, తాళాలు నా చేతిలో ఉన్నాయి, అయినా సరే. ఒకాయన తిన్నగా వచ్చి రేడియేటర్ మూత మీద చెయ్యేశాడు. "తియ్యకండి!" అని అరిచాను. ఆయన మా వాడి వైపు తిరిగి నవ్వుతూ, "అమ్మగారు భయపడుతున్నారు" అన్నాడు.

భయమా? ఆవిరి పట్టి ఉన్నప్పుడు మూత తిప్పితే మరిగే నీళ్ళు ఎగిరి మొహాన పడతాయి. ఆ మొహం ఆయనదే కదా, తియ్యనిస్తే పోయేది.

ఇంటికొచ్చాక మెకానిక్కూ అంతే. ఆయిల్ మూత విప్పి, దాని అడుగు మా వాడికి చూపించాడు. "చూశావా బాబూ, పాలటీ." నేను వెనకనుంచి మెడ చాచి చూశాను. నిజంగానే చిక్కటి టీ మీగడలా అంటుకుని ఉంది. ఆయిల్లో నీళ్ళు కలిశాయట, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయుంటుందట, ఆ పై భాగం హెడ్డు విప్పి లేతుకి పంపి ఫేసింగ్, అంటే చదును, చేయించాలట. అన్నీ వాడికే చెప్పి, చివర్లో నాతో, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" సార్‌కి రేడియేటర్ ఎటువైపు ఉంటుందో కూడా తెలీదు నాయనా.

నాన్న అలా కాదు. పద్మిని కారు ఉన్న రోజులవి, మే నెల, చిలకలూరిపేట దగ్గర మిట్టమధ్యాహ్నం ఆగిపోయింది. అన్నయ్య వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్ర. నాన్న నన్ను దింపి బానెట్ ఎత్తి చూపించారు. "ఇదీ పెట్రోలు పంపు. ఈ ఎండకి లోపల పెట్రోలు ఆవిరైపోయి, పైపులో గాలి బుడగలా అడ్డం పడింది. చల్లారితే అదే నడుస్తుంది." నాన్నే అమ్మ తువ్వాలు తడిపి పంపుకి చుట్టి, మరచెంబు నా చేతికిచ్చారు. గుడ్డ ఆరినప్పుడల్లా కాసిని నీళ్ళు పొయ్యాలి, అదీ నా డ్యూటీ. ఆరోజూ ఆగారు జనం. "అమ్మెయ్యండి మాస్టారూ" అన్నవాళ్ళందరినీ నాన్న ఒకటే అడిగారు: "మీ దగ్గర ఇంకో గుడ్డ ఉందా?" ఇక నిలబడేవాళ్ళు కాదు. అరగంటకి స్టార్టయింది. అమ్మ మాత్రం తువ్వాలు పెట్రోలు కంపు కొడుతోందని తిరుపతి దాకా తిడుతూనే ఉంది.

ఇవాళ నన్ను మనిషిగా చూసింది ట్రాక్టరబ్బాయి ఒక్కడే. ధాన్యం దింపి ఖాళీగా వస్తున్నాడు. మోకు ఒక కొస నన్నే పట్టుకోమని, రెండో కొస ట్రక్కుకి కట్టాడు. "అమ్మా, లాగేది నేనే గానీ ఆపేది మీరే. మోకు వదులైతే జర్కు కొట్టి తెగుద్ది. తాళం ఆన్‌లోనే ఉంచండి, లేకపోతే స్టీరింగ్ లాకైపోద్ది." ఇంజన్ లేకపోతే బ్రేకు రాయిలా ఉంటుంది, రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. అంగలకుదురు దాటాక చెయ్యి కుదిరింది. చెప్పొద్దూ, కాస్త సరదాగానే ఉంది. డబ్బులిస్తే వంద ఉంచుకుని మిగతాది వెనక్కిచ్చాడు.

ఇదంతా రాశాను గానీ, నిద్ర పట్టనిది ఆ నలుగురి వల్ల కాదేమో.

బుడంపాడు దగ్గరే, ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకెళ్ళింది. చూశాను. ఇంకెంత, ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకున్నా. కాసేపటికి దానంతటదే దిగింది. హమ్మయ్య అనుకున్నాను కూడా. అప్పటికే రేడియేటర్ కింది హోస్ పగిలి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయట. నీళ్ళలో ఉండాల్సిన సెన్సారు గాల్లో వేలాడుతుంటే, ముల్లు దిగక ఏం చేస్తుంది? నాన్న ఉంటే ఆ నలుగురినీ ఏమీ అనేవారు కాదు, నన్నే తిట్టేవారు. ముల్లు సంగతొకటి, కూలెంటు బదులు రెండేళ్ళుగా కుళాయి నీళ్ళు పోస్తున్న సంగతొకటి.

ఇంకోటి. ముల్లు పైకెళ్ళినప్పుడు మా వాడు అడిగాడు, "అమ్మా, అది అలా ఉండొచ్చా?" అని. "నీకు తెలీదులే, ఊరుకో" అన్నాను.

మెకానిక్‌ని రేపు తొమ్మిదింటికి రమ్మన్నాను. కావాలనే, వాడు కాలేజీకి వెళ్ళిపోయాక. ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుని, ఏడింటికే రమ్మని మెసేజ్ పెడదామా అని చూస్తున్నాను. ఈ వేళప్పుడు చూస్తాడో లేదో.