పరదేశుల పర్ణశాల

ఇజ్రాయెల్‌లోని రమత్ గాన్‌లో మా సంఘమంటే పదిమందికి మించం. అందరం ముసలివాళ్ళను చూసుకునే కేర్‌గివర్లమే. ఎక్కువమంది భీమవరం, రాజోలు వైపు ఆడవాళ్ళం, జగిత్యాల బ్రదర్స్ ఇద్దరు. గుడి లేదు, పాస్టరు లేడు. శనివారం సెలవు దొరికినవాళ్ళం ఒక అద్దెగదిలో కూడుకుంటాం. ఆదివారం కాక విశ్రాంతిదినాన్ని, క్రిస్మస్ కాక బైబిల్లో లేవీయకాండం 23లోని పండుగల్ని పాటించే సంఘం మాది. దీనికి ఊళ్ళో పడ్డ మాటలు తక్కువేమీ కావు. చెరువుల మధ్య పుట్టి, లేవీయకాండం తినొద్దందని రొయ్య ముట్టమంటే భీమవరంలో ఎవరు నవ్వరు?

ఇక్కడ విదేశీ పనివాళ్ళు తమ మతం పండుగలకైనా, యూదుల పండుగలకైనా సెలవులు అడగొచ్చు. నేను యూదుల పండుగలు రాసిస్తే సవ్తా కూతురు కాగితం అటూ ఇటూ తిప్పి, "నువ్వు క్రిస్టియన్‌వి కదా?" అంది. నేను చూసుకునే పెద్దావిడని ఇంట్లో అందరూ సవ్తా అంటారు, హీబ్రూలో మామ్మ అని. నేనూ అంతే. ఆవిడ మాత్రం, "వెళ్ళనీ, యెరూషలేముకి వెళ్తానంటే ఆపుతారా" అంది.

ఆకుల పందిళ్ళలో ఏడు రోజులు ఉండే పర్ణశాలల పండుగ ఖర్చుకి ఏడాది పొడుగునా జీతంలోంచి తీసిపెడతాం. ద్వితీయోపదేశకాండం 14లో ఉన్నదే: పదోవంతు పక్కన పెట్టుకో, దేవుడు ఏర్పరచుకున్న చోటికి వెళ్ళు, నీ మనసు కోరింది కొనుక్కుని తిని సంతోషించు. మాలో చిన్నదానికి ఏజెంటు అప్పు ఇంకా తీరలేదు. అది రానంటే పెద్దక్క కసిరింది. "16వ అధ్యాయం చదువు. నీ దాసి, పరదేశి, విధవరాలు అందరూ సంతోషించాలని ఉందా లేదా? నువ్వు రెండు లెక్కల్లో వస్తావు, నేను మూడింటిలోనూ వస్తాను. బట్టలు సర్దుకో." దాని ఛార్జీలు ఉమ్మడి డబ్బులోంచే పెట్టాం.

అది 2022. అక్టోబరు 9 సాయంత్రం సూర్యుడు దిగితే పండుగ మొదలు. ఆ వేళకి రైళ్ళూ బస్సులూ ఆగిపోతాయి కాబట్టి పొద్దున్నే టెల్ అవీవ్ హహగానా స్టేషన్లో రైలెక్కేశాం. బైబిల్లో 120 నుంచి 134 దాకా ఉన్నవి యాత్రకీర్తనలు. యెరూషలేముకి ఎక్కిపోతూ పాడుకునేవి. మేమూ మొదలుపెట్టాం. సరిగ్గా "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అందుకునేసరికి రైలు సొరంగంలో దూరింది. కొండలేవీ, మా మొహాలే కనబడ్డాయి అద్దంలో. యెరూషలేము స్టేషను నేలకి దాదాపు 80 మీటర్ల లోతున ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ ఎక్కుతుంటే జగిత్యాల బ్రదర్, "అక్కా, అగాధ స్థలములలోనుండి మొఱ్ఱపెట్టే 130వ కీర్తన గిప్పుడు పాడాలె" అన్నాడు. పైకొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

పాతనగరంలో మేం దిగిన బసకి యజమాని అరబ్ క్రైస్తవుడు. డాబా మీద పందిరి వేసుకోనిచ్చాడు. ఊరంతా అవే పందిళ్ళు, బాల్కనీల్లో, హోటళ్ళ ముందు, పార్కింగుల్లో. కొన్న ఖర్జూర మట్టలు పెళుసుగా ఉన్నాయి గానీ, కొబ్బరాకు దడి అల్లిన చేతులకి అదో లెక్కా. పైకప్పు సందుల్లోంచి చుక్కలు కనబడాలంటారు. ఆ రాత్రి చుక్కల కంటే చంద్రుడే ఎక్కువ కనబడ్డాడు. ఊళ్ళో ఆశ్వయుజ పున్నమి అది.

పడుకునే ముందు పేచీ వచ్చింది. పర్ణశాలల్లో ఉండమన్నది ఇశ్రాయేలీయులలో పుట్టినవాళ్ళని, మనకి ఆ ఆజ్ఞ లేదని రెండో బ్రదర్ అన్నాడు. వచనం ఉన్నది అలాగే. అయినా సంతోషించమన్నప్పుడు పరదేశిని కలిపి, పడుకోవడానికి తీసేస్తారా అని నా వాదన. అతను గదిలో మంచమ్మీద పడుకున్నాడు, మేం చలికి వణుకుతూ పందిట్లో పడుకున్నాం. పొద్దున్న హాయిగా నిద్రపోయింది అతనొక్కడే.

ఆ ఏడాదికి ఇంకో విశేషం ఉంది. అంతకుముందు నెలలోనే భూమికి విశ్రాంతినిచ్చే ఏడో సంవత్సరం ముగిసింది. అలాంటప్పుడు పర్ణశాలల పండుగలో పురుషుల్నీ స్త్రీలనీ పిల్లల్నీ ఊళ్ళో ఉన్న పరదేశుల్నీ పోగుచేసి ధర్మశాస్త్రం చదివి వినిపించాలని మోషే మాట. మేం ద్వితీయోపదేశకాండం తెలుగులో వంతులవారీగా చదివాం. మధ్యలో చికెన్ పులుసు, అన్నం, ఎవరో దాచుకు తెచ్చిన గోంగూర పచ్చడి. చదవడం రాని పెద్దక్క తన వంతు వచ్చినప్పుడు 28వ అధ్యాయంలోని దీవెనలు కంఠతా చెప్పేసింది. శాపాల దగ్గర ఆగి, "అవి మీరు చదువుకోండి" అంది.

రైళ్ళు తిరిగాక కొందరు డ్యూటీకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం సిలోయం కోనేటికి దిగాం. దేవాలయం ఉన్న రోజుల్లో ఈ పండుగకి యాజకులు బంగారు పాత్రతో ఇక్కడి నీళ్ళే తీసుకెళ్ళి బలిపీఠం దగ్గర పోసేవారు. యేసు "ఎవడైనను దప్పిగొనిన యెడల నాయొద్దకు వచ్చి దప్పి తీర్చుకొనవలెను" అని కేక వేసింది ఈ పండుగ చివరి రోజునే. కోనేటి పాత మెట్లు 2004లో మురుగుగొట్టం పని చేస్తుంటే బయటపడ్డాయి. పండితులు వెతికినవి కావు, కూలివాళ్ళ పనిలో తేలినవి. నాకు ఆ సంగతి కోనేటి కంటే బాగా నచ్చింది.

ఆ దేవాలయ ప్రాంగణానికి మిగిలిన పశ్చిమ గోడ దగ్గర యాజక వంశంవాళ్ళు శాలువాలు కప్పుకుని ఒక్కసారిగా దీవెన చెప్తారు. ఆ గుంపులో ఆడవాళ్ళ వైపు నలిగిపోయాను. హీబ్రూ పూర్తిగా అర్థం కాకపోయినా, సంఖ్యాకాండం 6లోని "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని పోల్చుకున్నాను. మా ఊళ్ళో అయ్యగారు ఆరాధన ముగించేది ఆ మాటతోనే. నాకు తెలీకుండానే తెలుగులో "ఆమేన్" అని గట్టిగా అనేశాను. పక్కనున్న ఆవిడ కూడా ఆమేన్ అంది.

ఎనిమిదో రోజు ఆరాధన ఫోన్లో కలిశాం, అందరం ఎవరి ఇళ్ళల్లో వాళ్ళం. ఆఖర్న లెక్క చూస్తే ఉమ్మడి డబ్బు కొంచెం మిగిలింది. ఊళ్ళో మా వాళ్ళ తాటాకు పందిరి వానకి కూలిపోయిందని తెలిసి, టార్పాలిన్ కొనమని పంపించాం. టార్పాలిన్ వేస్తే అది పర్ణశాల ఎలా అవుతుందని అయ్యగారు తిరిగి ఫోన్ చేశారు. కింద టార్పాలిన్, పైన తాటాకు వెయ్యండని పెద్దక్క. అప్పుడు చుక్కలు కనబడవు కదా అని జగిత్యాల బ్రదర్. ఇంకా తేలలేదు.