కంకర దారిలో వదులైన క్యారియర్

తారు అయిపోయి కంకర మొదలైన కాసేపటికే ముందు వెళ్తున్న మిత్రుడి బండి వెనక భాగం ఊగడం కనిపించింది. హారన్ మోగించి ఆపాను. సామాను కట్టిన క్యారియర్‌ను పట్టి ఉంచాల్సిన బోల్టుల్లో ఒకటి ఎక్కడో రాలిపోయింది. ఇంకొకటి వేలితో తిప్పితేనే తిరుగుతోంది.

"బయలుదేరే ముందు స్పానర్‌కు పైపు తొడిగి మరీ బిగించాను కదా!" అన్నాడు.

ఆ వదులైన బోల్టును విప్పి, వేరే నట్టు ఎక్కించి చూశాను. సగం దాకా సాఫీగా వచ్చి ఆగిపోయింది. అక్కడ బోల్టు సాగిపోయి మరల (నట్టు ఎక్కే చుట్ల) మధ్య ఎడం పెరిగింది. వెలుతురుకు పట్టి చూస్తే నడుము దగ్గర సన్నబడిన సంగతి కంటికే తెలుస్తోంది. బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. తిరిగి ముడుచుకోవాలన్న దాని లాగుడే రెండు భాగాలనూ అదిమి పడుతుంది. హద్దు దాటి సాగదీస్తే ఆ లాగుడు చచ్చిపోతుంది, మిగతా పని కంకర చూసుకుంటుంది.

నా సంచిలో అదే కొలత బోల్టులున్నాయి, 8 మిల్లీమీటర్లవి. మామూలు 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఉక్కులో ఈ సైజుకు దాదాపు 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, తిప్పే బలానికి అదే కొలత. పెట్టిన బిగింపు రాగానే టక్‌మని చెప్పే టార్క్ రెంచ్ ఇంట్లోనే ఉంది. నా రింగ్ స్పానర్ మీద చెయ్యి పట్టే చోటు బోల్టు నుంచి 15 సెంటీమీటర్లు. అంటే అక్కడ 17 కిలోల బరువు వేలాడదీసినంత ఒత్తిడి. పైపు తొడిగి పొడవు రెట్టింపు చేస్తే అదే చేతి బలం 50 న్యూటన్ మీటర్లవుతుంది. చిన్న బోల్టులకు చిన్న స్పానర్లు చేసేది ఊరికే కాదు.

మిత్రుడు ఈలోగా చైను నూనె డబ్బా తెచ్చి మరలకు పూయబోయాడు, సులువుగా ఎక్కుతుందట. వద్దన్నాను. మనం పెట్టే బలంలో దాదాపు తొమ్మిది పాళ్లు తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసేది ఒక పాలే. నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే బిగింపుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. బండి పుస్తకంలో నూనె పూయమని ప్రత్యేకంగా రాయని చోట పొడిగా ఉంచడమే మేలు. గుడ్డతో తుడిచి, అన్నింటినీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను.

"ఇంకొంచెం బిగిస్తే పోయేదేముంది?"

"మర పోతుంది."

తల మీదా ఫ్రేము మీదా కలిసేలా తెల్ల పెయింటుతో గీత గీశాను. బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. అయితే బోల్టు తిరగకుండానే పట్టు తగ్గవచ్చు, దాన్ని గీత చెప్పదు. క్యారియర్ కాళ్ల కింద పెయింటు మందంగా ఉంది, నలిగితే వదులవుతుంది. అందుకే తర్వాతి మజిలీలో బండి చల్లారాక స్పానర్ వేసి చూశాను. ఒకటి కాస్త తిరిగింది, మిగిలినవి కదల్లేదు.

మర్నాడు నా చైను వదులుగా అనిపించింది. స్కేలు పెట్టి కొలిస్తే పుస్తకం చెప్పిన హద్దు దాటలేదు, వదిలేశాను. దాన్ని సరిచేయాలంటే వెనక చక్రం ఇరుసు నట్టు విప్పాలి. నా బండికి దాని బిగింపు 90 న్యూటన్ మీటర్లు, చేతి అందాజుతో చేసే పని కాదు. మిత్రుడికి ఇది పిరికితనంలా తోచింది. తోచనీ, చక్రం నాది.

ఇల్లు చేరాక ఇరుసు నట్టు బిగించడానికి టార్క్ రెంచ్‌ను 90కి పెట్టి అతని చేతికే ఇచ్చాను. "టక్" అంది. ఎందుకైనా మంచిదని మళ్లీ నొక్కబోతుంటే లాక్కున్నాను. దాచే ముందు కనిష్ఠ అంకెకు తిప్పి పెడుతుంటే, దానికీ విశ్రాంతి కావాలా అని నవ్వాడు. లోపలుండేదీ స్ప్రింగే అన్నాను.